పాత పయనపు మోటారు సైకిలు: మార్పులు, వాని లెక్కలు

మదనపల్లె నుండి దక్షిణముగా పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము చేరి, అటుపిమ్మట తమిళనాడులోని కృష్ణగిరికి పోవు బాట 42వ జాతీయ రహదారిలోని భాగము. మదనపల్లెకును కుప్పమునకును నడుమ నూరు కిలోమీటర్లకు మించిన దూరము గలదు. ఈ సీమ అంతయు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. టమాటాల లారీలు, కుప్పము ప్రాంతపు గ్రానైటు రాళ్ళ లారీలు, బస్సులు, ట్రాక్టర్లు ఈ బాటపై ఒకదాని వెనుక ఒకటి సాగుచుండును. పలమనేరు, కుప్పముల నడుమ కౌండిన్య అభయారణ్యపు పొలిమేరలలో రాత్రివేళ ఏనుగులు బాట దాటుట కద్దు. ఇట్టి బాటపై తరచుగా పోయి రావలసినవారు మోటారు సైకిలు కొనదలచినపుడు రెండు విషయములు ఆలోచింతురు. దూరప్రయాణమున అలసట కలిగింపని బండి కావలెను. కొత్తదాని ధర అందుబాటులో లేదు గనుక అది పాతదైనను సరే.

పాత బండి ఇంటికి వచ్చిన పిమ్మట మూడవ కోరిక పుట్టును. వెడల్పు టైరు, పెద్ద దీపములు, వెనుక పెట్టె, గాలి అద్దము, కొత్త సైలెన్సరు మొదలైనవాటితో బండిని తమకు నచ్చినట్లు మార్చుకొనవలెనని తోచును. అది తప్పు కాదు. కాని మోటారు సైకిలు విడివిడి భాగముల మూట కాదు. ఒక భాగమును మార్చిన ప్రతిసారియు మరి రెండు మూడు భాగముల పని మారును. ఆ మార్పు ఎంతయో ముందుగానే లెక్కకట్టవచ్చును. అందుకు ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతికశాస్త్రమే చాలును. ఆ లెక్కలనే ఈ వ్యాసమున చూతము.

ఇది ఏ జాతి బండి?

పందెపు మోటారు సైకిలుపై నడుపువారు ముందునకు వంగి, పెట్రోలు ట్యాంకుపై దాదాపు పడుకొని కూర్చుందురు. గాలికి అడ్డు తగ్గును; కాని గంటసేపటికే మణికట్లు, నడుము నొప్పిపెట్టును. దూరయాత్రల కొరకు చేసిన బరువు బండిపై నిటారుగా సుఖముగా కూర్చుందురు. కాని అది మలుపులలో మందముగా తిరుగును. ఈ రెంటి గుణములను కొంతకొంతగా కలిపినదే స్పోర్ట్ టూరింగ్ మోటారు సైకిలు. దీనిని ఇక్కడ పయనపు మోటారు సైకిలు అందము. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1976లో వెలువరించిన ఆర్. 100 ఆర్.ఎస్. అను బండి ఈ జాతికి తొలి ప్రసిద్ధ ఉదాహరణము. గాలిసొరంగములో పరీక్షించి రూపొందించిన తొడుగు దానికి ముందుభాగమున అమర్చబడినది.

మన దేశమున దూరప్రయాణములకు చాలాకాలము మద్రాసులో తయారైన బుల్లెట్టును, 1961 నుండి 1996 వరకు మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లును వాడుకలో ఉండెను. 2003లో హీరో హోండా సంస్థ తెచ్చిన 223 ఘన సెంటీమీటర్ల కరిజ్మా, 2016 డిసెంబరులో బజాజ్ సంస్థ తెచ్చిన 373 ఘన సెంటీమీటర్ల డామినార్ ఈ జాతిని సామాన్యులకు చేరువ చేసినవి. ఇట్టి బండ్లు ఇప్పుడు పాతవాటి బజారులో దొరకుచున్నవి.

పుంగనూరు పొట్టి ఆవు కొద్దిపాటి మేతతో తన సీమకు తగినన్ని పాలిచ్చును. బండి విషయమునను తగినదే మేలు. ఎంత పెద్ద ఇంజను అను ప్రశ్న కంటె, ఏ బాటకు, ఎంత బరువుకు, ఏ వేగమునకు అను ప్రశ్న ముందు వేసికొనవలెను.

కాగితముల పరీక్ష

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. బెంగుళూరు, హోసూరు, కృష్ణగిరి దగ్గరనే ఉన్నవి గనుక పొరుగు రాష్ట్రపు నంబరు గల బండి ఇక్కడివారికి అమ్మకమునకు వచ్చుట సహజము. అట్టిదానికి ఆ రాష్ట్రపు రవాణా కచ్చేరి నుండి అభ్యంతరము లేదను పత్రము తెచ్చి, ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టి, కొత్తగా నమోదు చేయింపవలెను. స్వరాష్ట్రపు బండియైనచో 29, 30 నంబరుల ఫారములతో పేరు మార్పించుకొనవలెను.

ఇది కేవలము లాంఛనము కాదు. వాహనము చేతులు మారినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని యనియు, ప్రమాదమునకు నష్టపరిహారపు బాధ్యత వారిదే యనియు సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున అమ్మినవారికిని కొన్నవారికిని పేరు మార్పు సమానముగా అవసరము. ఆర్.సి.లోని ఇంజను నంబరు, చాసిస్ నంబరులను బండిపై చెక్కిన అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. అంకెలు గీకివేసిన గుర్తున్నచో ఆ బండి జోలికి పోరాదు.

చేతితో చేయదగిన పరీక్షలు

ఇంజను చల్లగా ఉన్నపుడే బండి చూడబోవలెను. వేడి ఇంజను తన లోపములను దాచును. స్టార్టు చేసినపుడు సైలెన్సరు నుండి నీలిపొగ విడువకుండ వచ్చుచున్నచో ఇంజను ఆయిలు మండుచున్నదని అర్థము; పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగియుండును. నల్లపొగ వచ్చినచో పెట్రోలు పాలు ఎక్కువగా ఉన్నదన్నమాట. చల్లని ఉదయమున మొదట కొద్దిసేపు తెల్లని ఆవిరి కనిపించిన భయము లేదు. అది మంటలో పుట్టిన నీరే.

ముందు చక్రమును నేలనుండి పైకెత్తి హ్యాండిలును మెల్లగా రెండు ప్రక్కలకు త్రిప్పవలెను. సరిగా నడిమి స్థానమున చిన్న గుంటలో పడినట్లు ఆగినచో కోన్ సెట్టు బేరింగులు చెడినవి. బండి ఎక్కువకాలము తిన్ననిదారిలోనే పోవును గనుక, గోతుల దెబ్బలన్నియు గోలీలు అదే చోట తినును. అక్కడ లోహము నొక్కుకొనిపోవును. ముందు ఫోర్కు గొట్టములపై నూనె చెమ్మ ఉన్నచో సీళ్ళు పోయినవి. ఆ నూనె బ్రేకు డిస్కుపైకి జారినచో ప్రాణాపాయము.

రెండు చక్రములును ఒకే గీటులో ఉన్నవో లేవో తాపీమేస్త్రీల దారముతో తెలిసికొనవచ్చును. వెనుక టైరు ప్రక్కలకు దారము తాకించి ముందునకు బిగువుగా లాగి, ముందు చక్రమునకు ఇరుప్రక్కల మిగులు ఎడము కొలువవలెను. ఎడములు సమానముగా లేనిచో చక్రములు సరిగా బిగింపబడలేదు. లేదా బండి ఎప్పుడో గట్టిగా పడి చట్రము వంగినది. చక్రములను సరిచేయవచ్చును. వంగిన చట్రము గల బండిని వదలుటయే మేలు.

చైను అరుగుదల కొలుచుటకు స్కేలు చాలును. ఈ తరగతి బండ్ల చైనులో ఒక పిన్ను నడిమి నుండి తరువాతి పిన్ను నడిమికి సాధారణముగా అంగుళములో ఎనిమిదింట ఐదవ వంతు, అనగా 15.875 మిల్లీమీటర్లు ఉండును. ఇట్టివి ఇరువది కొలిచినచో కొత్తచైనులో 317.5 మిల్లీమీటర్లు రావలెను. 324 వచ్చినచో చైను రెండు శాతము సాగినది. అది ఇక పనికిరాదు. చైనుతోపాటు ముందు వెనుక పళ్ళచక్రములను కూడ మార్చవలెను. ఏలయన, అరిగిన పళ్ళు కొత్త చైనును త్వరగా అరుగదీయును.

టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. 2319 అని ఉన్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. గాట్లు లోతుగా కనిపించుచున్నను, ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన రబ్బరు ఆమ్లజని చేత గట్టిపడి పట్టు కోల్పోవును. ప్రక్కగోడలలో సన్నని పగుళ్ళున్నచో కొత్త టైర్ల ఖర్చును బండి ధరలో కలిపియే బేరమాడవలెను.

టైరు వెడల్పు, పళ్ళచక్రము

ఇక మార్పుల లెక్కకు వత్తము. టైరుపై 150/60-17 అని వ్రాసియున్నదనుకొందము. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది ప్రక్కగోడ ఎత్తు, వెడల్పులో నూటికి ఎన్ని పాళ్ళో తెలుపును. మూడవది రిమ్ము వ్యాసము, అంగుళములలో. ప్రక్కగోడ 90 మి.మీ.; రిమ్ము 431.8 మి.మీ. మొత్తము వ్యాసము 431.8కి రెండు తొంబదులు కలుపగా 611.8. చుట్టుకొలత సుమారు 1,922 మి.మీ. దీనికి బదులు 160/60-17 వేసినచో వ్యాసము 623.8, చుట్టుకొలత 1,960 అగును. అనగా చక్రము ఒక్కచుట్టు తిరుగగా బండి రెండు శాతము ఎక్కువ దూరము పోవును. వేగమాపకము గేరుపెట్టె నుండి లెక్క తీసికొనునదైనచో నిజవేగము కంటె రెండు శాతము తక్కువ చూపును. అంతేకాక పాత రిమ్ముపై వెడల్పు టైరు గుండ్రముగా నొక్కుకొనిపోవును, చైనుకు రాసుకొనవచ్చును, మలుపునకు బండి వంగుట మందగించును. చూపునకు గంభీరముగా ఉన్నను, పట్టు పెరుగునన్న హామీ లేదు.

పళ్ళచక్రము మార్చుట మరియొక సాధారణ కోరిక. ముందు చక్రమునకు 14 పళ్ళు, వెనుకదానికి 42 ఉన్నచో నిష్పత్తి 3. ముందు 15 పళ్ళ చక్రము వేసినచో నిష్పత్తి 2.8. గంటకు 90 కిలోమీటర్ల వేగమున ఇంజను నిమిషమునకు 5,000 మార్లు తిరుగుచున్నదనుకొన్నచో, ఇప్పుడు అదే వేగమునకు సుమారు 4,670 మార్లు చాలును. ఇంజను చప్పుడు, అదురు తగ్గును. చదునైన బాటపై ఇది లాభమే.

కాని లోకమున ఏదియు ఊరక రాదు. నిష్పత్తి ఎంత తగ్గినదో అదే గేరులో వెనుక చక్రపు లాగుడు బలమును అంతే, అనగా దాదాపు 7 శాతము, తగ్గును. మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండ 1,200 మీటర్లకు మించిన ఎత్తు గలది. దానికి ఏనుగు మల్లమ్మ కొండ యని పాతపేరు. అట్టి దారిలో పన్నెండు మీటర్లకు ఒక మీటరు లేచు ఎత్తు వచ్చినదనుకొందము. మనుష్యునితో, సామానుతో 280 కిలోగ్రాములున్న బండిని అక్కడ ఎక్కించుటకు బరువును గెలుచుటకే సుమారు 230 న్యూటనుల బలము కావలెను. అక్కడ ఆ 7 శాతపు లోటు వెంటనే తెలియును. క్రింది గేరునకు దిగవలసివచ్చును. కావున మార్పు మంచిదా చెడ్డదా అనునది బాటను బట్టి యుండును.

పెట్టె ఎక్కడ కట్టవలెను?

బండి బరువు 180, నడుపువారి బరువు 70. మొత్తము 250 కిలోగ్రాములు. ముందు చక్రముపై 120, వెనుక చక్రముపై 130 పడుచున్నదనుకొందము. రెండు ఇరుసుల నడుమ దూరము 1.45 మీటర్లు. ఇప్పుడు 30 కిలోగ్రాముల పెట్టెను వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనుకగా కట్టితిమి. వెనుక ఇరుసు తులాదండమునకు ఆధారమువంటిది. పెట్టె భ్రామకము 30ని 0.30తో గుణింపగా 9. దానిని 1.45తో భాగింపగా సుమారు 6.2. అనగా ముందు చక్రముపై బరువు 6.2 కిలోగ్రాములు తగ్గి దాదాపు 114 అగును. వెనుక చక్రముపై 36 కిలోగ్రాములు పెరిగి 166 అగును. పెట్టె బరువు 30 మాత్రమే యైనను వెనుక టైరు మోయునది 36!

అదే బరువును రెండు సంచులుగా చేసి, వెనుక ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందుగా, ఇరుప్రక్కల క్రిందుగా వ్రేలాడదీసినచో ముందు చక్రముపై 4 కిలోగ్రాములు, వెనుక 26 కిలోగ్రాములు పెరుగును. హ్యాండిలు తేలిపోవుట ఉండదు. గరిమనాభి క్రిందనే ఉండును గనుక మెల్లగా పోవునపుడు బండి ఒరగుట తగ్గును. ఎత్తైన వెనుక పెట్టెను గాలి ప్రక్కనుండి తోసినచో బండి ముందు చక్రము ఊగులాడుటకు కూడ అవకాశము గలదు. కావున బరువైనవి క్రింద, ముందునకు. తేలికైనవి పైన, వెనుక. ఎద్దుబండిలో బస్తాలు సర్దు రైతుకు ఈ సూత్రము చిరకాలముగా తెలిసినదే.

బరువు పెరిగినపుడు వెనుక స్ప్రింగు బిగువును, టైరు గాలిని తయారీదారులు పుస్తకములో చెప్పిన మేరకు పెంచవలెను. స్ప్రింగు ఎక్కువ క్రుంగినచో బండి వెనుకకు వాలి, ముందుదీపము ఎదుటివారి కన్నులలో కొట్టును. ఇట్లు పెట్టెకును దీపమునకును కూడ సంబంధము గలదు.

గాలి అద్దము, హ్యాండిలు

గాలి అడ్డు వేగపు వర్గమును బట్టి పెరుగును. దానిని గెలుచు సామర్థ్యము వేగపు ఘనమును బట్టి పెరుగును. ఈ పీఠభూమిపై ఘనమీటరు గాలి బరువు సుమారు 1.1 కిలోగ్రాములు. నిటారుగా కూర్చున్నవారితో కూడిన బండికి సరిపడు అడ్డును లెక్కలోనికి తీసికొన్నచో, గంటకు 60 కిలోమీటర్ల వేగమున గాలి సుమారు 76 న్యూటనుల బలముతో వెనుకకు నెట్టును; 90 వేగమున 170 న్యూటనులు దాటును. దానికి కావలసిన సామర్థ్యము 1.3 కిలోవాట్ల నుండి 4.3 కిలోవాట్లకు, అనగా మూడు రెట్లకు మించి, పెరుగును. వేగము ఒకటిన్నర రెట్లు మాత్రమే పెరిగినదని గుర్తింపవలెను. పెట్రోలు ఎక్కడికి పోవుచున్నదో ఇందువలన తెలియును.

రొమ్మునకు తగులు గాలిని తప్పించు అద్దము దూరప్రయాణమున నిజముగా ఉపకారము చేయును. కాని దాని ఎత్తు సరిపడనిచో, అంచునుండి విడివడిన సుడిగాలి తిన్నగా శిరస్త్రాణముపై పడి తల అదురును. కొన్నాళ్ళు అట్టముక్కను గట్టిగా కట్టి, మెల్లని వేగమున పరీక్షించి ఎత్తు నిర్ణయించుకొనుట చౌకైన పద్ధతి.

నడుము నొప్పికి హ్యాండిలు ఎత్తుచేయుట కూడ ఉన్నది. రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తినను బ్రేకు గొట్టము, క్లచ్ తీగ, యాక్సిలరేటరు తీగ లాగుకొనవచ్చును. ఇంజను నడుచుచుండగా హ్యాండిలును ఈ చివరనుండి ఆ చివరకు త్రిప్పి చూడవలెను. త్రిప్పినపుడు ఇంజను తనంతట హెచ్చుగా తిరిగినచో తీగ పొట్టిదైనది. మలుపులో బండి దానంతట ముందునకు ఉరుకును. తగిన పొడవు తీగ వేయనిదే బాటపైకి పోరాదు.

దీపములు, బ్యాటరీ

రాత్రి ప్రయాణమునకు 55 వాట్ల దీపములు రెండు అదనముగా కట్టితిమనుకొందము. మొత్తము 110 వాట్లు; 12 వోల్టుల వద్ద 9 ఆంపియరులకు పైగా ప్రవాహము. బండిలోని విద్యుజ్జనకము 220 వాట్లు ఇచ్చుచు, ఇంజనుకును మామూలు దీపములకును 150 వాట్లు పోవుచున్నచో మిగులునది 70. లోటు 40 వాట్లను బ్యాటరీ తీర్చవలెను. అనగా 3.3 ఆంపియరులు. బ్యాటరీ 8 ఆంపియరు గంటలది యైనచో, అది కొత్తదై నిండుగా ఉన్నను రెండున్నర గంటలలో ఒట్టిపోవును. మదనపల్లె నుండి కుప్పమునకు రాత్రివేళ పట్టు కాలము దాదాపు అంతయే! ఈనాటి బండ్లలో పెట్రోలు పంపు కూడ విద్యుత్తుతోనే నడుచును. దీపముతోపాటు ఇంజనును ఆరిపోవును. అదియు అడవి అంచుననే కావచ్చును.

15 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు రెండైనచో 30 వాట్లు మాత్రమే, మిగులులోనే సరిపోవును. ఎన్ని వాట్లైనను ప్రత్యేకమైన ఫ్యూజు, రిలే, తగిన లావు గల తీగ ఉండవలెను. సన్నని తీగ వేడెక్కి కాలును. వెలుగు క్రిందికి వాలియుండవలెను. ఎదుటి లారీ డ్రైవరునకు కన్ను చెదరినచో ముందు నష్టపడునది మోటారు సైకిలు మీదివారే.

ఆపుటకు పట్టు దూరము

మార్పులలో జనులు తక్కువగా తలంచునదియు, ఎక్కువ ముఖ్యమైనదియు బ్రేకు. గంటకు 90 కిలోమీటర్లన్న సెకనుకు 25 మీటర్లు. అడ్డము కనిపించి చేయి కదలులోపల ఒక సెకను గడచును. 25 మీటర్లు పోయినవి. పిమ్మట పొడిబాటపై వేగము సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గినచో ఆగుటకు మరి 52 మీటర్లు. మొత్తము 77 మీటర్లు. తడిబాటపై ఆ తగ్గుదల 4 మీటర్లే యైనచో మొత్తము 103 మీటర్లు. 60 వేగమున పొడిబాటపై 40 మీటర్లు, తడిబాటపై 51 మీటర్లు చాలును. దీపపు వెలుగు 50 మీటర్ల వరకే చూపుచున్నచో, 90 వేగమున పోవువారికి ఏనుగు కనబడిన తరువాత ఆగుటకు చోటుండదు. ఏ ఖరీదైన పరికరమును ఈ లెక్కను తారుమారు చేయజాలదు. వేగము తగ్గించుట ఒక్కటే చేయును.

బ్రేకు వేయగానే బరువు ముందునకు మొగ్గును. పై చెప్పిన 250 కిలోగ్రాముల బండిలో గరిమనాభి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నచో, ఇట్టి గట్టి బ్రేకుకు ముందు చక్రముపై సుమారు 63 కిలోగ్రాములు పెరుగును; వెనుకదానిపై అంతే తగ్గును. ముందు 183, వెనుక 67 మాత్రమే. ఇందుచేతనే ముందు బ్రేకు ప్రధానము. వెనుక బ్రేకునే నమ్ముకొన్నచో చక్రము తేలికై బిగుసుకొని జారును. చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. అమరిక 125 ఘన సెంటీమీటర్లు దాటిన కొత్త బండ్లన్నింటికిని 2019 ఏప్రిల్ నుండి విధిగా ఏర్పడినది. పాత బండి కొనునపుడు అది ఉన్నదో లేదో చూచుకొనవలెను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము గలది. డాట్ 4 రకపు ఆయిలు కొత్తగా ఉన్నపుడు కనీసము 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణము. తేమ పీల్చిన పిమ్మట ఆ ప్రమాణము 155 మాత్రమే. హార్స్లీ కొండనుండి దాదాపు 500 మీటర్లు దిగు 280 కిలోగ్రాముల బండి 13 లక్షల జౌళ్ళకు మించిన స్థితిశక్తిని వదలుకొనును. నాలుగు లీటర్ల నీటిని మరుగుదల వరకు కాచుటకు అది చాలును. ఆ వేడి అంతయు చిన్న డిస్కులకే అప్పగించినచో, తేమ పట్టిన ఆయిలు మరిగి బుడగలు కట్టును. బుడగలు నొక్కుడుకు లొంగును గనుక లీవరు మెత్తగా లోనికి పోవును, బండి ఆగదు. కాబట్టి దిగునపుడు క్రింది గేరులో ఇంజను పట్టుతో దిగవలెను. పాత బండి కొన్న వెంటనే బ్రేకు ఆయిలు మార్పించవలెను. ఇది పెద్ద ఖర్చు కాదు.

సైలెన్సరు, చట్టము

సైలెన్సరు మార్చినంతనే బలము పెరుగునన్న నమ్మకము పలువురిలో గలదు. ఈనాటి ఇంజనులో పెట్రోలు, గాలి పాళ్ళు ఒక లెక్కప్రకారము కూర్పబడియుండును. బయటికి పోవు వాయువులోని ఆమ్లజనిని కొలుచు పరికరమును, విషవాయువులను మార్చు ఉత్ప్రేరకమును దానితో ముడిపడియున్నవి. గొట్టము మాత్రమే మార్చినచో చప్పుడు పెరుగుట నిశ్చయము, బలము పెరుగుట సందేహము. చప్పుడు 10 డెసిబెళ్ళు పెరిగినదన్న ధ్వనిశక్తి పదిరెట్లైనదన్నమాట. పాఠశాలల ముందర, ఆసుపత్రుల ముందర దాని ఫలితము ఎట్టిదో చెప్పనక్కరలేదు.

ఇక చట్టము. 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, తయారీదారులు నిర్ణయించిన ముఖ్యలక్షణములను అనుమతి లేక మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే గట్టిగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము, అనుమతింపబడని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలల వరకు ఖైదో, రెండునో విధింపవచ్చును. సంచులు, సీటు మెత్త వంటివి వేరు. ఇంజను, చట్రము, సైలెన్సరు, దీపములు వేరు. సందేహమున్నచో రవాణా కచ్చేరిలోను, బీమా సంస్థవద్దను ముందుగానే అడుగుట మంచిది.

ఖర్చుకు ఒక వరుస

చేతిలో ఉన్న డబ్బు కొద్దియే యైనచో దానికి వరుస ఉండవలెను. మొదట టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు. తరువాత కోన్ సెట్టు, చక్రపు బేరింగులు, చైను. పిమ్మట ఉన్న దీపములను సరిగా అమర్చుట. వీనితోపాటు ఐ.ఎస్.ఐ. ముద్ర గల మంచి శిరస్త్రాణము. ఇవి పూర్తియైన తరువాతనే సీటు, సంచులు, గాలి అద్దము. అందమునకు సంబంధించినవి అన్నింటికంటె చివర. ఒకేసారి నాలుగు మార్పులు చేయక, ఒక్కటి చేసి, నూరు కిలోమీటర్లు నడిపి, ఫలితము పుస్తకములో వ్రాసికొని, అటుపిమ్మట రెండవదానికి పూనుకొనవలెను. ఒకేసారి అన్నియు మార్చినచో లోపమెక్కడిదో తెలియదు. ప్రయోగశాలలో ఒక్క అంశమునే మార్చి తక్కినవాటిని స్థిరముగా ఉంచుట కూడ ఇందుకొరకే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ప్రయోగముగా చేయవచ్చును. టమాటా మండీలో పెట్టెలు తూచు కాటా ఒకటి చాలును. ఇంజను ఆపి, ఇద్దరు బండిని నిటారుగా పట్టుకొనగా, ముందు చక్రమును కాటాపై, వెనుక చక్రమును అంతే ఎత్తుగల చెక్కపై ఉంచి బరువు చూడవలెను. తరువాత తారుమారు చేయవలెను. ముందు చక్రపు బరువును ఇరుసుల నడిమి దూరముతో గుణించి, మొత్తపు బరువుతో భాగించినచో గరిమనాభి వెనుక ఇరుసుకు ఎంత ముందున్నదో తేలును. అటుపిమ్మట పుస్తకముల సంచిని వెనుక కట్టి, మరల ప్రక్కన కట్టి తూచినచో, పైన చూపిన లెక్కలు కాటా ముల్లు మీదనే కనబడును.

పదునెనిమిది ఏండ్లు నిండి లైసెన్సు పుచ్చుకొనునాటికి ఈ లెక్కలు ఎరిగియున్న విద్యార్థి, బండిని చూచినపుడు రంగును మాత్రమే చూడడు. ముందు చక్రముపై ఎంత బరువున్నది, ఆగుటకు ఎంత దూరము పట్టును అని అడుగును. పాత బండి మంచిదో కాదో, చేసిన మార్పు మేలో కీడో నిర్ణయించునది ఆ రెండు ప్రశ్నలకు వచ్చు జవాబులే.